పిలుపు వినడం ఎలా, విన్నాక నిలబెట్టుకోవడం ఎలా

"నాకేదో చేయాలని ఉంది సార్. ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు."

ఈ మాట నాతో చాలామంది అన్నారు. డిగ్రీ చదివే పిల్లలు అన్నారు. రిటైరై ఆర్నెల్లయిన టీచర్లు అన్నారు. పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలకు పోయాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లులు అన్నారు. నేను అనంతపురంలో ఒక నూనె మిల్లులో లెక్కలు రాస్తాను. ఆదివారాలు మా ఇంటి వరండాలో కూర్చుని, సోమవారం కలెక్టరాఫీసుకు పోయే ఊళ్ళవాళ్ళకు అర్జీలు రాసిపెడతాను. డబ్బు తీసుకోను. పదకొండేళ్ళయింది. ఈ పని లేని ఆదివారం నాకు అన్నం తినని పూటలా ఉంటుంది. ఇది నాకెలా దొరికిందో, దొరికాక ఎక్కడెక్కడ పొరపాట్లు చేశానో దృష్టిలో పెట్టుకుని, మీకు పనికొచ్చేలా వరసగా చెబుతాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. చర్చికి పోయేవాళ్ళు "సేవకు పిలుపు వచ్చింది" అంటారు. మాల వేసుకునేవాళ్ళు "స్వామి పిలిస్తేగాని కొండ ఎక్కలేం" అంటారు. కడప పెద్ద దర్గాకు పోయేవాళ్ళదీ అదే మాట. ఇంట్లో పెళ్ళి పెట్టుకుంటే గడప గడపకూ పోయి బొట్టు పెట్టి పిలుస్తాం. వీటన్నిటిలోనూ పిలిచేవాళ్ళు ఒకరున్నారు. మన జీవితానికి పని వెతుక్కునేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని "నాకేం ఇష్టం, నాకేం ఇష్టం" అని లోపలే తవ్వుకుంటాం. గడప దగ్గర నిలబడ్డవాళ్ళను చూడం. అందుకే మొదటి మెట్టు ఇంటి బయట మొదలవుతుంది.

1. మీ దగ్గరికి ఎవరు, దేనికి వస్తున్నారో రాసుకోండి

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. మూడు వారాలపాటు, రాత్రి పడుకునే ముందు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఈరోజు నన్ను ఎవరు, ఏం అడిగారు? ఆఫీసులో బాస్ చెప్పిన పని లెక్కలోకి రాదు. ఎవరి బలవంతమూ లేకుండా, వేరేవాళ్ళు దొరికినా మీ దగ్గరికే వచ్చి అడిగింది రాయండి. ఎంత చిన్నదైనా సరే. "పక్కింటి పాప లెక్కలు చెప్పమంది." "చిన్నాన్న ఫోన్లో ఫొటోలు పోయాయని తెచ్చాడు." "వదిన ఏడ్చింది, గంటసేపు విన్నాను." ఇలాంటివే.

మూడు వారాల తర్వాత ఆ పేజీలు ఒక్కసారి కూర్చుని చదవండి. ఒకే రకం పని మూడు నాలుగు సార్లు కనబడుతుంది. దాని కింద గీత గీయండి.

నేను ఈ పద్ధతి తెలిసి చేయలేదు. మిల్లుకు వేరుశనగ తెచ్చే రైతుల్లో ఒకాయన, తూకం అయ్యాక, పాసుపుస్తకం తీసి "సార్, దీంట్లో మా నాయన పేరు తప్పు పడింది, ఒక అర్జీ రాసిస్తారా?" అన్నాడు. రాసిచ్చాను. పని జరిగింది. తర్వాత వారం ఆయన ఊరి నుంచి ఇద్దరొచ్చారు. ఆ నెలాఖరుకు ఏడుగురు. అప్పటికి నాకు కథలు రాయాలని గొప్ప ఆశ. రాత్రిళ్ళు కథలు మొదలుపెట్టి సగంలో వదిలేసేవాణ్ణి. ఎవరూ అడగని కథలు రాస్తూ, అడిగిన అర్జీలు విసుక్కుంటూ రాసేవాణ్ణి. నా చేతిరాత, నా ఓపిక ఎవరికి కావాలో వాళ్ళే నా ముందుకొచ్చి నిలబడ్డారని అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

మన సీమలో దీనికి పెద్ద ఉదాహరణ ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 నాటి కరువులో ఆకలితో వచ్చినవాళ్ళకు ఆయన ఇంటి ముందు నెలల తరబడి అన్నం పెట్టారు. ఆ పని ఆయన పెట్టుకున్న జాబితాలో ఉండి ఉంటుందని నేననుకోను. కరువొచ్చింది, జనం గుమ్మం ముందుకొచ్చారు, ఆయన ఇంట్లో గింజలున్నాయి. మన జనం ఇప్పటికీ ఆయన మీద పాట పాడుకుంటున్నారు.

నోటుబుక్కులో ఏమీ రాలేదా? ఎవరూ ఏమీ అడగలేదా? అప్పుడు మీరు జనంలో తగినంత తిరగడం లేదని అర్థం. ఇంకో మూడు వారాలు తీసుకోండి. ఈసారి ఊళ్ళో జరిగే పనుల్లో చేయి కలపండి: ఒక పెళ్ళి, ఒక రక్తదాన శిబిరం, ఒక బడి వార్షికోత్సవం. మళ్ళీ రాయండి.

2. విసుగు పుట్టించే భాగాన్ని ముందు చూడండి

గీత గీసిన పని దొరికింది. ఇక అది నిజంగా మీదేనా, లేక యావా అన్నది తేల్చుకోవాలి. యావ అంటే తప్పు కాదు. యావ పైపైన మండి ఆరిపోతుంది, అంతే.

ప్రతి పనిలోనూ ఎవరూ ఫొటో తీయని భాగం ఒకటి ఉంటుంది. పాటకు తెల్లవారుజాము సాధన. టీచరు పనికి నలభై కాంపోజిషన్ పుస్తకాలు దిద్దడం. డాక్టరుకు రాత్రి డ్యూటీ. వ్యవసాయానికి కలుపు. అర్జీలకు సర్వే నంబర్లు. ఆ భాగాన్ని ఒక వారం పాటు విడిగా చేసి చూడండి. ఇష్టపడమని నేను చెప్పను, సర్వే నంబర్లంటే నాకూ ఇష్టం లేదు. అది చేసేటప్పుడు మీ మనసు "ఎప్పుడైపోతుందా" అంటోందా, "సరిగ్గా చేయాలి" అంటోందా, అది గమనించండి. రెండో మాట వినిపిస్తే ముందుకు పోండి.

ఇంకో పరీక్ష ఉంది. ఇదే పనిని మీకన్నా బాగా చేసేవాళ్ళు మీ వీధిలోకే వచ్చారనుకోండి. మీకు మొదట ఏమనిపిస్తుంది? అసూయ కలగడం మామూలే, మనుషులం. దాని వెనకాలే "హమ్మయ్య, ఇంకొందరికి పని జరుగుతుంది" అనే ఊరట కూడా కలిగితే ఆ పని మీకు పేరుకన్నా పెద్దదైంది.

మార్కులను, సర్టిఫికెట్లను ఈ పరీక్షగా పెట్టుకోకండి. పుట్టపర్తి నారాయణాచార్యులు చియ్యేడులో పుట్టిన మహాకవి. ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు, కుర్రతనంలో తాను రాసిన కావ్యమే పాఠ్యాంశంగా వచ్చిందని, దానికి తగ్గ మార్కులు ఆయనకు రాలేదని మన వైపు పెద్దలు చెప్పుకుంటారు. ఆయన రాయడం ఆపలేదు.

3. ఒక మండలం పాటు దీక్షగా చేయండి

మన వాళ్ళకు 41 రోజుల లెక్క తెలుసు. మాల వేసుకున్నవాడు ఆ 41 రోజులూ తాగడు, కోపం తెచ్చుకోడు, నేల మీద పడుకుంటాడు. "జీవితాంతం ఇలా ఉండు" అంటే ఉండలేనివాడు కూడా మండలం రోజులు ఉండగలడు. అదే కొలత ఇక్కడా వాడండి. జీవితం గురించి నిర్ణయం ఇప్పుడే తీసుకోవద్దు. మండలం గురించి తీసుకోండి చాలు.

నాలుగు సంగతులు ముందే ఖాయం చేసుకోండి. టైం: రోజూ ఒకే వేళ. చోటు: ఒకే కుర్చీ, ఒకే మూల. కొలత: ఎంత అలసిపోయినా చేయగలిగినంత చిన్నది, అంటే ఒక పేజీ, ఒక పాఠం, ఒక మనిషితో పావుగంట. నాలుగోది సాక్షి. ఇంట్లోవాళ్ళు కాకుండా ఒక మనిషికి చెప్పండి, వారానికొకసారి ఆయనకు లెక్క అప్పజెప్పండి. మెచ్చుకునేవాళ్ళను ఎంచుకోవద్దు, "ఈ వారం ఎన్ని రోజులు చేశావు?" అని నిలదీసేవాళ్ళను ఎంచుకోండి. నాకు సాక్షి మా వీధి చివర సైకిల్ షాపాయన. ఆయనకు నా అర్జీల మీద ఏ ఆసక్తీ లేదు. కానీ శనివారం సాయంత్రం తప్పకుండా అడిగేవాడు.

రోజుకొకటి అన్న ఈ కొలత మనకు కొత్తది కాదు. రాజంపేట దగ్గర తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య 1424 నుంచి 1503 వరకు సంకీర్తనలు చెప్పారని ఆయన రాగిరేకుల మీదే రాసి ఉంది. దాదాపు 80 ఏళ్ళు. రోజుకొకటికి తక్కువ కాకుండా చెప్పేవారని సంప్రదాయం. వాటిలో మనం పాడుకునేవి కొన్ని వందలే. మిగతావి ఆయన మామూలు రోజులు. మామూలు రోజుల్లో కూడా ఆయన కూర్చున్నారు.

మండలంలో రెండో వారం కష్టం. కొత్తదనం పోతుంది, ఫలితం ఇంకా కనబడదు. ఆ వారంలో ఆపేయాలనిపిస్తే ఆపే నిర్ణయాన్ని 41వ రోజుకు వాయిదా వేయండి. ఒకరోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టకండి, చివర ఒకరోజు కలపండి.

4. ఉద్యోగం మానేయకండి, ఇంట్లో లెక్క చెప్పండి

ఈ మెట్టు దగ్గర చాలా ఇళ్ళు కుదేలవడం చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. పిలుపు వినబడగానే రాజీనామా రాసేవాళ్ళున్నారు. ఆ తెగువ చూడ్డానికి బాగుంటుంది. మూడో నెల అద్దె కట్టలేక, తాము ప్రేమించిన పనినే తిట్టుకోవడం మొదలుపెడతారు.

తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవను గుర్తు తెచ్చుకోండి. నాటకరంగంలో అంత పేరున్న మనిషి, బళ్ళారిలో ప్లీడరుగా పగలు కేసులు వాదిస్తూనే రంగమెక్కారు. ప్లీడరీ ఆయన నటనకు అడ్డు కాలేదు, నాటకం కూడు పెట్టాల్సిన అవసరం లేకుండా చేసింది. డబ్బు కోసం ఒప్పుకోవాల్సిన వేషాలు ఆయనకు లేవు.

సి.పి. బ్రౌన్ కథలో రెండో వైపు ఉంది. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చారు. తెలుగు నేర్చుకున్నది మొదట ఉద్యోగానికే. నాలుగేళ్ళ తర్వాత వేమన పద్యాలు చూశాక ఆ మనిషి పూర్తిగా మారిపోయారు. కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, సరిచూసి, శుద్ధప్రతులు రాయించారు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో నిఘంటువు వచ్చింది. ఈ పనికి జీతం చాలక అప్పులపాలయ్యారు. మనం ఆయనకు చేతులెత్తి మొక్కాల్సిందే, ఆ అప్పులను మాత్రం అనుకరించకూడదు. ఆయన వెనక కంపెనీ ఉద్యోగం ఉంది. మన వెనక చీటీ కంతులున్నాయి.

కాబట్టి ఇంట్లో కూర్చుని మూడు అంకెలు రాయండి: ఈ పనికి నెలకు ఎన్ని రూపాయలు, వారానికి ఎన్ని గంటలు, అందులో ఇంటివాళ్ళకు దక్కాల్సిన గంటలు ఎన్ని పోతున్నాయి. మూడో అంకెను దాచకండి. నేను దాచాను. మొదటి రెండేళ్ళు ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వరండాలోనే ఉండేవాణ్ణి. ఒక ఆదివారం మా ఆవిడ ఉగ్గాని, బజ్జీ ప్లేటు తెచ్చి, వచ్చినవాళ్ళందరికీ పెట్టి, వాళ్ళు పోయాక నా ఎదుట కూర్చుంది. "మీరు ఊరందరికీ అర్జీలు రాస్తారు కదా, నాదీ ఒకటి రాయండి" అంది. నవ్వుతూ కాగితం తీసుకున్నాను. ఆమె నవ్వలేదు. "విషయం: ఆదివారం భర్త ఇంట్లో ఉండుట గురించి" అని చెప్పింది. రాశాను. చేయి వణికింది. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ రోజు నుంచి పొద్దున ఏడు నుంచి పదకొండు వరకే. నెలకొక ఆదివారం పూర్తిగా సెలవు. కాగితాలకు, జెరాక్సులకు నెలకు ఆరు వందలు దాటకూడదు. ఈ షరతుల వల్ల పని తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, జనం టైం తెలుసుకుని వస్తున్నారు.

ఆడవాళ్ళకు ఈ మెట్టు ఇంకా కష్టం, అది నేరుగా చెప్పాలి. మగవాడు వరండాలో కూర్చుంటే సేవ అంటారు, ఆడమనిషి కూర్చుంటే ఇల్లు గాలికొదిలింది అంటారు. మా పక్క వీధిలో ఒకామె మిషను కుట్టడం ఆడపిల్లలకు నేర్పాలనుకుంది. "నేర్పుతాను" అని అడగలేదు. "మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు నన్ను ఎవరూ పిలవకండి, 41 రోజులు" అని మాత్రం అడిగింది. గంట ఇవ్వడానికి అత్తగారు కూడా కాదనలేదు. మండలం అయ్యేసరికి జాకెట్టు కత్తిరించడం ఆరుగురికి వచ్చింది, అందులో ఆ అత్తగారి మనవరాలు ఒకరు. అనుమతి అంతా ఒకేసారి అడగకుండా గంట అడగండి.

5. పనితనం నేర్చుకోండి

మంచి మనసుతో చేసిన చెడ్డ పని ఎదుటివాళ్ళ నెత్తిన పడుతుంది. నా అర్జీల పనే దగ్గరగా చూపిస్తాను. మీ పని వేరే అయినా, నేర్చుకునే దారి ఇలాగే ఉంటుంది.

కళ్యాణదుర్గం అవతల పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. కొంగులో చుట్టుకున్న ప్లాస్టిక్ కవరు విప్పి, ఎనిమిది మడతలు పెట్టిన కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. పాసుపుస్తకం, మొగుడి మరణ ధృవీకరణ పత్రం, ఆధార్ జెరాక్సు, కరెంటు బిల్లు. "ఒగ కాయితం రాసియ్యప్పా. పొలం నా పేరుమీదికి ఎక్కలే" అంది. తర్వాత కొడుకు గురించి, కోడలి గురించి, మరిది గట్టు జరిపిన సంగతి, ఎండిపోయిన బోరు సంగతి చెప్పింది. అరగంట పట్టింది.

కొత్తలో నేను ఇదంతా రాసేవాణ్ణి. మూడు పేజీల అర్జీ అయ్యేది. కన్నీళ్ళు పెట్టించేలా ఉండేది. ఎవరూ చదివేవాళ్ళు కాదు. ఇప్పుడు అరగంట వింటాను, మధ్యలో పెన్ను ముట్టుకోను. చెప్పుకోవడం వాళ్ళ హక్కు. అంతా అయ్యాక అడుగుతాను: "అవ్వా, కలెక్టరు నీ మాట ఒక్క నిమిషమే వింటాడు. ఆ నిమిషంలో ఏమని అడుగుతావు?"

అవ్వ కాసేపు నేల చూసింది. "మా ఆయన పేరు తీసి నా పేరు రాయమంటా" అంది.

అదే విషయం. మిగిలిన అర్జీ దాని కింద పది లైన్లే. పేరు, భర్త పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు. సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాల్లో, సెంట్లలో. భర్త చనిపోయిన తేదీ. ఇంతకుముందు ఎవరికి, ఎప్పుడు అర్జీ ఇచ్చారో. ఏం కోరుతున్నారో ఒక వాక్యం. జతపరిచిన కాగితాల పట్టిక. అసలు కాగితాలు ఇవ్వకూడదు, జెరాక్సులే. అర్జీ రెండు కాపీలు. అర్జీ ఇచ్చాక రశీదు అడిగి తీసుకోవాలి, దాని మీది నంబరు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాలి. రాసిన తర్వాత అర్జీని వాళ్ళకు గట్టిగా చదివి వినిపించాలి. వేలిముద్ర వేసే మనిషికి తాను దేనికి వేలు పెడుతోందో తెలియాలి.

ఈ చదివి వినిపించే అలవాటును నాకు ఒక తప్పు నేర్పింది. ఇదే అవ్వకు మొదటిసారి రాసినప్పుడు టైం అయిపోతోందని తొందరపడ్డాను. సర్వే నంబరు 2బి అని రాయాల్సిన చోట 2ఎ అని రాశాను. నెలన్నర తర్వాత ఆమె తిరిగొచ్చింది. నంబరు కుదరలేదని కాగితం వెనక్కి వచ్చింది. ఆమెకు రెండు బస్సుల చార్జీ, ఒక రోజు కూలీ, నెలన్నర ఎదురుచూపు పోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలేప్పా, ఇంగోటి రాయి" అంది. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నంబర్లు పాసుపుస్తకం మీద వేలు పెట్టి వాళ్ళచేత లేదా వాళ్ళ వెంట వచ్చిన పిల్లలచేత చదివించి రాస్తాను. రెండో అర్జీతో ఆమె పేరు ఎక్కింది.

మీ పనిలో ఇలాంటి 2ఎ, 2బి ఎక్కడుందో కనుక్కోండి. ఆ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళ దగ్గరికి పోయి, "మీరు ఎక్కడ తప్పు చేశారు?" అని అడగండి. ఎలా చేయాలని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. తప్పుల గురించి అడిగితే అసలు విద్య బయటపడుతుంది. నేను కలెక్టరాఫీసు ముందు బల్ల వేసుకుని అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన పొట్టకూటి పనిని నేను ఊరికే చేస్తున్నానే అని నాకు మొహమాటం. అది కూడా అడిగేశాను. "ఇచ్చుకోగలవాళ్ళను నా దగ్గరికి పంపు, లేనివాళ్ళను నువ్వు చూసుకో" అన్నారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. మీరు ఉచితంగా చేయబోయే పని ఇంకొకరికి జీవనాధారమేమో ముందు చూసుకోండి.

6. పదును లేని రోజుల్లో ఏం చేయాలి

ఒక దశలో పిలుపు మూగబోతుంది. మనుషులు వస్తూనే ఉంటారు, పని జరుగుతూనే ఉంటుంది, మీకు మాత్రం ఏమీ అనిపించదు. "ఇది నా పని కాదేమో" అనే అనుమానం సరిగ్గా అప్పుడే వస్తుంది.

మా జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడితే అదృష్టం. పదును, అంటే నేలలో తడి, లేనప్పుడు రైతు విత్తనం వేయడు. అలాగని పొలం అమ్ముకోడు. గుంటక బాగు చేయిస్తాడు, విత్తనంకాయ ఒలిచి పెడతాడు, గట్లు సరిచేస్తాడు. మీరూ అంతే చేయండి. మనసు ఎండిన నెలల్లో కొత్తవి మొదలుపెట్టకండి, పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. పనిముట్లు సరిచేసుకోండి. నేను ఆ నెలల్లో పాత అర్జీల కాపీలు ఫైళ్ళలో సర్దుతాను, రెవెన్యూ మాటల అర్థాలు రాసుకుంటాను.

ఒంట్లో బాగాలేక, నిద్రలేక, అప్పు టెన్షన్‌తో కూడా ఇలాగే అనిపిస్తుంది. కాబట్టి ముందు రెండు వారాలు బాగా తినండి, నిద్రపోండి. ఏ పని మీదా, ఏ మనిషి మీదా మనసు పోకుండా వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. అది జబ్బు కావచ్చు, దానికి మందుంది.

వయసు అయిపోయిందని వదిలేస్తున్నవాళ్ళకు ఒక సంగతి. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత తిరుపతికి వచ్చి, శతాబ్దాలపాటు తిరుమలలో మూలపడి ఉన్న తాళ్ళపాక వారి రాగిరేకుల సాహిత్యాన్ని పరిష్కరించి, సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. సంగీతం, సాహిత్యం రెండూ ఒక జీవితమంతా నేర్చుకున్న మనిషి కాబట్టి ఆ పనికి సరిపోయారు. మీరు వృథా అనుకుంటున్న ఉద్యోగపు ఏళ్ళలో ఏం నేర్చుకున్నారో ఒక కాగితం మీద రాసి చూడండి. మిల్లు లెక్కల్లో పైసా తేడా రాకుండా చూసే అలవాటే ఇప్పుడు నాకు సర్వే నంబర్ల దగ్గర పనికొస్తోంది.

7. రూపం మారితే మారనివ్వండి

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. మేక తోలును శుభ్రం చేసి, దీపం వెలుగు దూరేంత పలచగా చేసి, చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. రాత్రంతా ఆట చూసే జనం తగ్గిపోయారు. వాళ్ళు అదే తోలుతో, అదే రంధ్రాలతో దీపాలకు తొడిగే షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కొందరికి ఇది తాతల పని కావడం వల్ల పిలుపు పుట్టుకతోనే ఇంట్లో ఉంటుంది. దాన్ని మోయాలా వద్దా అన్నది మాత్రం ప్రతి తరమూ కొత్తగా తేల్చుకోవాలి. తాతల పని వద్దనుకున్న పిల్లల మీద తప్పు మోపకండి.

మీ పనికి కూడా ఏడాదికొకసారి ఈ ప్రశ్న వేయండి: జనం ఇప్పుడు దేనికి వస్తున్నారు? నా దగ్గరికి ఇప్పుడు అర్జీ కన్నా, ఫోన్లో వచ్చిన మెసేజ్ ఏమిటో చదివి చెప్పమని వచ్చేవాళ్ళే ఎక్కువ. కాబట్టి వరండాలో చార్జింగ్ ప్లగ్గు పెట్టించాను.

8. ఇంకొకరి చేతికి ఇవ్వడం

కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా శిథిలమైపోయింది. రాయదుర్గంలో పుట్టి, కడపలో పాఠాలు చెప్పిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ మొండిగోడల చోట గ్రంథాలయం లేపాలని పట్టుబట్టి, తిరిగి తిరిగి విరాళాలు పోగుచేసి, లేపారు. బ్రౌన్ ఆయన్ను చూసింది లేదు. మన తర్వాత ఎవరు వస్తారో మనకు తెలియకపోవచ్చు కాబట్టి, వచ్చేవాళ్ళకు దొరికేలా పని వదలాలి: తేదీలతో, వివరాలతో, ఎక్కడేముందో రాసిన కాగితంతో.

దగ్గర్లోనే ఎవరైనా దొరికితే ఇంకా మంచిది. రెండేళ్ళ క్రితం తన తాత అర్జీ కోసం వచ్చిన డిగ్రీ అమ్మాయి ఒకతె, తర్వాత ఆదివారం ఊరికే వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆదివారమూ వచ్చింది. అలా వచ్చేవాళ్ళను "ఎందుకొచ్చావు" అని అడగకండి. మొదట జెరాక్సులకు పంపండి. తర్వాత జతపరిచిన కాగితాల పట్టిక రాయించండి. ఆ తర్వాత చదివి వినిపించే పని ఇవ్వండి. పెన్ను ఆఖరున ఇవ్వండి. ఇచ్చాక జనం ముందు దిద్దకండి, తప్పు కనబడితే అందరూ పోయాక చెప్పండి. మీ కుర్చీ ఆమెకిచ్చి మీరు పక్కన స్టూలు మీద కూర్చోండి, లేకపోతే వచ్చినవాళ్ళు మీ ముఖమే చూస్తారు.

నాకు ఈ చివరి మెట్టు కొత్త. పోయిన ఆదివారం ఒక ముసలాయన తిన్నగా ఆమె దగ్గరికి పోయి కాగితాలు పరిచాడు, నన్ను మంచినీళ్ళు అడిగాడు. తెచ్చిచ్చాను.